మంచు త్రోవ, రేగడి త్రోవ

నారాయణఖేడులో మంచు కురియదు. పుష్యమాసపు తెల్లవారుజామున కందిచేలపై పొగవలె పరచుకొని, ప్రొద్దెక్కగానే మాయమగుదానిని మావారు మంచు అందురు. గడ్డిపరక కొనపై నిలిచిన నీటిబొట్టును మంచే. హిమాలయ శిఖరములపై కరుగక పడియుండునదియు మంచే. ఒక్క మాటతో మూడు పనులు జరుపుకొనుట తెలుగువాని పొదుపు. సంస్కృతమునకు ఈ పొదుపు లేదు. అమరసింహుడు అవశ్యాయము, నీహారము, తుషారము, తుహినము, హిమము, ప్రాలేయము, మిహిక యని ఏడు పేర్లు చెప్పి, అవి చాలవన్నట్లు పెద్ద మంచుప్రోవునకు హిమాని యని వేరొక పేరు పెట్టినాడు. ఇంగ్లీషువాడు డ్యూ, ఫాగ్, ఫ్రాస్ట్, స్నో, ఐస్ అని విడదీసి పిలుచును. ఈ భేదములను పిల్లలకు వివరించుటలో నాకు కొంత ఉబలాటము కలదు గాని, వారికది యంతగా రుచింపదు. వారికి రుచించినది మంచుపై నడచు మోటారుబండి. ఆ బండిని గూర్చి మంచెరుగని యూరి బడిపంతులు వ్యాసము వ్రాయుట చదువరులకు విడ్డూరముగా తోచవచ్చును. కొంచెము ఓర్పుతో నాతో రావలెనని కోరుచున్నాను.

మా ప్రాంతము సంగారెడ్డి జిల్లాకు పడమటి కొసను, బీదరు సీమ దగ్గర నున్నది. నేల నల్లరేగడి. ఎండకాలమున మోచేయి దూరునంత నెఱియలు విచ్చు ఈ నేల, మృగశిరలో నాలుగు వానలు పడగానే తన స్వభావమును మార్చుకొనును. అడుగు పెట్టినచో చెప్పును తనయొద్ద నుంచుకొని కాలిని మాత్రమే తిరిగి యిచ్చును. సైకిలు చక్రమునకును రేకునకును నడుమ ముద్దలై చిక్కుకొని, ఎక్కవలసినవానిచేతనే సైకిలును మోయించును. ఎడ్లబండి ఇరుసుదాక దిగును. ఒకనాడు ఇంగ్లీషు పాఠములో స్నోమొబైల్ అను మాట తగిలినది. మెత్తని మంచులో మామూలు కారు చక్రములు ఎట్లు కూరుకొనిపోవునో నేను బల్లపై బొమ్మ గీయుచుండగా, వెనుక వరుసనుండి ఒక కుఱ్ఱవాడు "మన రేగట్ల ట్రాక్టరు దిగబడ్డట్టే గద సార్!" అనెను. బొమ్మ పూర్తి చేయవలసిన పని లేకపోయినది.

విషయమంతయు ఆ కుఱ్ఱవాని మాటలోనే యున్నది. బరువెంతయని నేల అడుగదు; ఆ బరువు ఎంత చోటిపై పరచుకొన్నదని అడుగును. నిలుచున్నవాడు దిగబడు బురదలో పలకపై పరుండినవాడు దిగబడడు. చక్రము నేలను తాకు చోటు అఱచేయంత. కావున ఇంజను ఎంత బలమైనదైనను చక్రము తిరిగి తిరిగి తన గోతిని తానే త్రవ్వుకొనును. ఉత్తరదేశములవారు కాలికి జల్లెడవంటి వెడల్పు చెప్పులు కట్టుకొని మంచుపై నడచుటయు, నున్నని కొయ్యబద్దలపై జారుటయు, చక్రములు లేని బండిని కుక్కలచేత లాగించుటయు ఇందులకే. జారుటకు బద్ద చాలును. త్రోయుట యెట్లు? మోటారు వచ్చిన పిమ్మట ఎదురైన చిక్కు ఇదియే. కొందఱు విమానమునకుండు పంకావంటిదానిని వెనుక బిగించి, గాలిని త్రోసి బండిని నడిపిరి. కొందఱు చక్రముల చుట్టును మొదలును కొసయును లేని పట్టా నొకదానిని తిరుగజేసి, బండి తన త్రోవను తానే ముందు పఱచుకొని వెనుక చుట్టుకొని పోవునట్లు చేసిరి. మన పల్లెల వాడుకలో దీనినే చైను అనుచున్నారు.

చైనుబండిని మంచుపై మొదట గట్టిగా నిలిపినవారిలో అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు ఆల్విన్ లాంబార్డ్ ముఖ్యుడు. 1901లో ఆయన పేటెంటు పొందిన యంత్రము ఆవిరితో నడచునది. రైలింజనునకు చక్రములు తీసి, ముందు జారుబద్దలును వెనుక చైనులును తొడిగినట్లుండును. అడవిలో నఱకిన దుంగలను గడ్డకట్టిన త్రోవపై గుఱ్ఱములకు మారుగా లాగుటకు దానిని నిర్మించెను. దాని ముందరి కొసను ఏ మఱుగును లేని పీటపై ఒక మనుష్యుడు కూర్చుండి దారి త్రిప్పవలెను. ఎదుటనుండి మంచుగాలి, వెనుకనుండి నిప్పురవ్వలు. పల్లమునకు దిగునప్పుడు ఆపుటకు బ్రేకు లేదు. కూలిపని యొక్క కష్టము యంత్రము రాగానే తొలగుననుకొనువారు ఆ పీటను ఒకసారి తలచుకొనవలెను.

మంచుబండ్లకు లోకప్రసిద్ధి తెచ్చినవి దక్షిణధ్రువ యాత్రలు. షాకిల్టన్ 1908లో ఆరల్ జాన్‌స్టన్ మోటారుకారు నొకదానిని అంటార్కిటికాలో నడిపించెను. సముద్రముపై గడ్డకట్టిన గట్టి మంచుపై అది కొంత ఉపయోగపడినది గాని, మెత్తని మంచులో సాగలేదు. తరువాత స్కాట్ వోల్స్‌లీ కంపెనీవారిచేత చైనుబండ్లు మూడు చేయించెను. 1911 జనవరి 8న వానిలో మూడవదానిని ఓడనుండి దింపి లాగుచుండగా మంచుపలక పగిలి అది సముద్రములో మునిగిపోయెను. తక్కిన రెండును ఆ సంవత్సరము అక్టోబరు 24న బయలుదేరి పది దినములైన తిరుగకయే ఆగిపోయినవి. చైనుల యందు లోపము లేదు. ఇంజను సిలిండర్లు మితిమీరి వేడెక్కి లోపలి భాగములు చెడినవి. అంతటి చలిలో వేడిచేత చెడుట విచిత్రము. వానిని నడుపుచున్న నలుగురును బండ్లను విడిచి, సామాను తామే లాగుకొని ముందునకు పోయిరి. అముండ్‌సెన్ కుక్కబండ్లతో 1911 డిసెంబరు 14న ధ్రువము చేరెను. స్కాట్ 1912 జనవరి 17న చేరి, మరలునప్పుడు తన నలుగురు సహచరులతో పాటు మరణించెను.

బడులలో ఈ కథను ధైర్యమునకు దృష్టాంతముగా చెప్పుదుము. నా మనసు మాత్రము మరొకచోట ఆగును. ఆ బండ్లను రూపొందించుటలో ప్రధానముగా పనిచేసిన స్కెల్టన్ అను నౌకాదళపు ఇంజనీరును యాత్రకు తీసుకొనిపోలేదు. ఉపనాయకునికంటె ఆయన హోదా పెద్దదగుటచే చిక్కు వచ్చునని విడిచిరి. యంత్రము చెడినచోట యంత్రమెరిగినవాడు లేకపోయెను. పని తెలిసినవానిని అంతస్తు లెక్కలు చూచి దూరముంచుట మన దేశమునకే చెల్లినదని యనుకొనుట సరికాదు.

ఇక హిమాలయమునకు వచ్చిన చైనుబండి. అడాల్ఫ్ కెగ్రెస్ అను ఫ్రెంచివాడు రష్యా చక్రవర్తి రెండవ నికోలసు మోటారుశాలలో పనిచేయుచు, దొరవారి కార్లు మంచులో పోవుటకై ఇనుప చైనునకు బదులు తేలికయైన రబ్బరు పట్టాను సిద్ధము చేసెను. 1917 విప్లవము తరువాత ఆయన స్వదేశమునకు పోయెను గాని పట్టాలు అక్కడనే నిలిచినవి. లెనిన్ వాడిన రోల్స్ రాయిస్ కారునకు తొడిగినవి ఆ పద్ధతి పట్టాలే. మాస్కో చేరువనున్న గోర్కీలో దానిని భద్రపరచినారు. చక్రవర్తి పోయెను, లెనిన్ వచ్చెను. మంచు ఇరువురికిని ఒక్కతీరుగనే కురిసెను. ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీ ఈ పట్టాలబండ్లతో 1922-23లో సహారా యెడారిని దాటించెను. ఇసుకయు మంచును ఈ విషయమున అన్నదమ్ములు. 1931లో బేరూతునుండి పెకింగువరకు పెద్ద యాత్రను సాగించిరి. ఆ యేటి జూలైలో హార్ట్ నాయకత్వమున రెండు బండ్లు శ్రీనగరునుండి బుర్జిల్ కనుమ మీదుగా గిల్గిత్తునకు బయలుదేరెను. ఒకదాని పేరు స్వర్ణభృంగము, రెండవదాని పేరు రజతచంద్రరేఖ యని మనము తెలుగు చేసికొనవచ్చును. త్రోవ గుఱ్ఱముల సన్నబాట. ఒకచోట బాట అంచు కూలి స్వర్ణభృంగము సగము గాలిలో వ్రేలాడెను. కొన్నిచోట్ల బండ్లను విప్పి, ముక్కలు ముక్కలుగా కాశ్మీరపు కూలీల వీపులపై ఎక్కించిరి. గిల్గిత్తు చేరిన పిమ్మట బండ్లకు స్వస్తి చెప్పి గుఱ్ఱములెక్కి పోయిరి. మనుష్యులను మోయవలసిన బండిని మనుష్యులు మోసిన ఈ యాత్రను జయమనుటకు నాకు నోరు రాదు. చేరినవారికి ఛాయాచిత్రములు మిగిలినవి, మోసినవారికి కూలి మిగిలినది.

ఇండ్ల అవసరమునకై మంచుబండిని చేసినవారు వేరు. న్యూ హాంప్‌షైరులో వర్జిల్ వైట్ అను ఫోర్డు కార్ల వర్తకుడు మోడల్ టీ కారునకు ముందు చక్రములు తీసి బద్దలును, వెనుక మరియొక ఇరుసు చేర్చి పట్టాలును బిగించు సామగ్రిని 1920ల దశకమున విక్రయించెను. స్నోమొబైల్ అను పేరును వ్యాపింపజేసినది ఆయనయే. కొన్నవారిలో పల్లెటూరి వైద్యులు, ఉత్తరములు పంచువారు చాలమంది. విస్కాన్సిన్ రాష్ట్రములో కార్ల్ ఎలియాసన్ అనునతడు పాదము సరిగా లేనందున స్నేహితులతో సమముగా మంచుపై నడువలేక, చిన్న పడవ మోటారును, సైకిలు భాగములను ఒక జారుబల్లకు కూర్చి 1924లో ఒంటరి సవారిబండి యొకటి చేసికొనెను. అవసరము లేనివాడు ఇట్టి పనికి పూనుకొనడు.

అందఱిలోను నా మనసున నాటినవాడు కెనడాలోని క్యూబెక్ సీమకు చెందిన జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే. 1907లో వాల్కూర్ అను పల్లెలో పుట్టెను. ఇంట ఎనిమిదిమంది పిల్లలలో పెద్దవాడు. పనికిరాని పాత ఫోర్డు కారు ఇంజనును తండ్రి ఇచ్చినాడు. పదునైదేండ్ల వయసున, 1922 డిసెంబరు ఆఖరి దినమున, ఆ ఇంజనునకు కొయ్య పంకా తగిలించి, జారుబండిపై పెట్టి, తమ్ముని తోడు చేసికొని ఊరి వీథిలో నడిపెను. మఱుగులేక వెనుక గిఱ్ఱున తిరుగుచున్న ఆ పంకాను చూచి తండ్రి గుండె ఝల్లుమని యుండును. వెంటనే విప్పివేయుమని ఆజ్ఞాపించెను. నేనైనను అట్లే చేసియుందును. కుఱ్ఱవాడు విప్పెను గాని తలపును విప్పలేదు. పరిభాష చదువుటకు ఇంగ్లీషు నేర్చెను, ఉత్తరముల మూలమున యంత్రవిద్య నభ్యసించెను, పందొమ్మిదేండ్లకు స్వగ్రామమున మోటారు మరమ్మతుశాల తెరచెను. ఎండకాలమంతయు కార్లు బాగుచేయుట, చలికాలమున మంచుబండితో కుస్తీ పట్టుట. ఆ సీమలో నాడు చలికాలము వచ్చినచో కార్లను దిమ్మెలపై ఎక్కించి తాళము వేయువారు. పల్లెలు గుఱ్ఱపుబండ్ల కాలమునకు మరలిపోవును.

1934 చలికాలమున ఆయన రెండేండ్ల కుమారుడు ఇవాన్‌నకు కడుపులోని పొర వాచి చీముపట్టు వ్యాధి వచ్చెను. ఆసుపత్రి షెర్‌బ్రూక్ పట్టణమున, సుమారు యాబది కిలోమీటర్ల దూరమున. త్రోవలు మంచుతో పూడిపోయినవి. తండ్రి చేయుచున్న బండి ఇంకను పని పూర్తికాక కర్మశాలలో నున్నది. పిల్లవాడు మరణించెను.

దీనిపై వ్యాఖ్యానము చేయను. మా ప్రాంతములో జరిగినది ఒకటి చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట శ్రావణమాసమున, తండానుండి నా బడికి వచ్చు ఏడవ తరగతి బాలిక యొకతె నాలుగు దినములు రాలేదు. ఐదవనాడు వచ్చినది. ఏమమ్మా యని యడిగితిని. "వాగొచ్చింది సార్. మా తమ్మునికి కడుపునొప్పి లేస్తే మంచంల ఏస్కొని మోస్కపోయిన్రు" అనెను. తండాకును తారురోడ్డునకును నడుమ మూడు కిలోమీటర్ల రేగడిబాట, మధ్యలో వాగు. నూట ఎనిమిది బండివాడు ఫోను చేయగానే వచ్చినాడు. వచ్చి తారు ముగిసినచోట నిలిచినాడు. అంతకంటె ముందునకు వచ్చినచో ఆ బండినే మోయవలసి వచ్చును. తండావారు ఆరుగురు మారి మారి మంచమును భుజములపై మోసి, నడుములోతు నీటిలో వాగు దాటించి బండికి చేర్చిరి. అది మనవారు ఇరువదినాలుగు గంటల నొప్పి యను వ్యాధి. పట్నములో కోసి బాగుచేసిరి. ఇంకొక పూట ఆలస్యమైనచో పిల్లవాడు దక్కడనిరట. ఆదివారమునాడు నేను తండాకు పోయి పిల్లవానిని చూచితిని. మంచము మోసినవారిలో నొక పెద్దమనిషిని మెచ్చుకొనబోగా ఆయన నాకు సంతోషము చూపలేదు. "మోసుడు మాకు కొత్త గాదు సార్. మా యాడిని మోసినం, మా చెల్లెను కాన్పుకు మోసినం, ఇప్పుడు పోరన్ని మోసినం. ఇంకెన్నేండ్లు మోయాలె?" అనెను. యాడి యనగా లంబాడీ భాషలో తల్లి. నాకు జవాబు తోచక తలవంచుకొంటిని.

బొంబార్డియే కథలో తరువాతి భాగము నాకు అటుపిమ్మట మరింత దగ్గరయైనది. కుమారుడు పోయిన మరుసటి యేడు ఆయన అసలు చిక్కును విప్పెను. ఇనుప చైనులో మంచు దూరి, గట్టిపడి, పండ్లచక్రమును పట్టివేయుట అందాక పెద్ద బాధ. ఆయన పండ్లచక్రమునకు రబ్బరు తొడిగెను. రెండు రబ్బరు పటకాలను ఇనుప కడ్డీలతో అడ్డముగా కలిపి చైనుగా త్రిప్పెను. రబ్బరు వంగి సాగుటచే మంచు అందులో నిలువక రాలిపోవును. 1937లో దీనికి పేటెంటు లభించెను. ఏడుగురు కూర్చుండు బండి మొదట వచ్చెను, పండ్రెండుగురి బండి తరువాత వచ్చెను. ఈ రెండవది కొయ్యపలకల శరీరముతో, ఓడ కిటికీలవంటి గుండ్రని కిటికీలతో, ముందు రెండు బద్దలతో చూచుటకు ముద్దుగా నుండును. దానిని వేగపు పందెములకు కొనలేదు. వైద్యులు కొనిరి, తపాలావారు కొనిరి, పాడిపల్లెలవారు కొనిరి. రోగులను, శవపేటికలను, పాదిరీలను అది మోసినది. ఇంకను పెద్దదానిని బడిపిల్లలకై చేసిరి. చలికాలమున తెరచియుండు బడి యను భావము ఆ పల్లెలలో ఎంతమంది ఆడపిల్లల చదువును నిలిపినదో నేనూహింపగలను. వర్షకాలపు హాజరుపట్టీలను దిద్దువాడను గదా.

అటుపైన 1948 వచ్చినది. గ్రామముల త్రోవలనుండి గూడ చలికాలమున మంచును తీసివేయించి తెరచియుంచవలెనని క్యూబెక్ ప్రభుత్వము శాసనము చేసెను. బొంబార్డియే బండ్ల అమ్మకము ఒక్క యేటిలో దాదాపు సగము పడిపోయినది. వ్యాపారచరిత్ర వ్రాయువారు దీనిని కంపెనీకి తగిలిన దెబ్బగా వ్రాయుదురు. కంపెనీ దెసనుండి చూచినచో నిజమే. వాల్కూర్ చుట్టుపట్ల నున్న ఒక తల్లి దెసనుండి చూచినచో, ఇవాన్ పోయిన పదునాలుగేండ్లకు త్రోవ తెరచుకొన్నది. బండి కొనగలవాడు అంతకుముందే బ్రదికెను. కొనలేనివాడు అప్పుడు బ్రదికెను. తండ్రి తన దుఃఖముతో చేయగలిగినది బండి. అందఱి సొమ్ముతో చేయవలసినది త్రోవ.

బొంబార్డియే కూలబడలేదు. బురదనేలలలోను అడవులలోను నూనెగనుల దగ్గరను తిరుగు చైనుబండ్లు చేసెను. 1959లో ఒకరిద్దరు ఎక్కు చిన్న స్కీ-డూ బండి చేసి, 1964లో మరణించెను. ఆ కంపెనీ తరువాత రైళ్లును విమానములును చేసినది. ఢిల్లీ మెట్రోలో తిరుగు రైళ్లలో కొన్ని దాని చేతిపనియే. స్కీ-డూ వేటగాండ్రకును పాదిరీలకును ఉపయోగపడుననుకొన్నది, చూచుచుండగనే వారాంతపు విలాసమైనది. ఉత్తర ఫిన్లాండులో రెయిన్ డీరు మందలు కాచుకొను సామీజాతి వారి నడుమకు ఇట్టి బండ్లు 1960ల దశకమున వచ్చినవి. పెర్టి పెల్టో అను మానవశాస్త్రజ్ఞుడు 1973లో దీనిపై ఒక పుస్తకమే ప్రకటించెను. బండియు, నూనెయు, మరమ్మతును కొనగలవారు మందలను నిలుపుకొనిరి. కొనలేనివారు క్రమముగా మందలు పోగొట్టుకొనిరి. వెనుక బద్దలపై జారుచు అందఱును ఇంచుమించు సమానముగా బ్రదికిన సంఘము కొద్ది యేండ్లలో ఉన్నవారు, లేనివారు అని చీలెను. మా యూళ్లలో ఎడ్లు పోయి ట్రాక్టరు వచ్చిన కాలమును చూచినవారికి ఈ పుస్తకమును ఎవరును వివరింపనక్కరలేదు.

మొన్న నా మిత్రుడొకడు, వ్యవసాయ యంత్రముల వ్యాపారి, ఈ విషయమే నాతో వాదించెను. నల్లవాగు ప్రాజెక్టు క్రింది వరిపొలములలో తడి యారకముందే కోయుటకు చైను మిషన్లు దిగుచున్నవి. టైరు మిషను దిగబడుచోట చైను మిషను తేలికగా పోవును. "ఆ మంచుబండి చైనే కదా ఇది! పంట గట్టెక్కించేటందుకు బురదల చైను తిరిగినప్పుడు, మనిషిని గట్టెక్కించేటందుకు తిరగదా? నాలుగు తండాలకు ఒక చైనుబండి ఇప్పియ్యుండ్రి. రోడ్డు కోసము చూసుకుంట కూర్చుంటే ఎన్నేండ్లు?" అనెను. మాటలో బలము కలదు. 2018లో ఆంధ్రప్రదేశ్ మన్యప్రాంతములలో త్రోవలేని గూడెములకు మోటారుసైకిలు అంబులెన్సులు ఇచ్చినారు. అయినను ఆ కొండలలో డోలీమోత మానలేదని పత్రికలలో చదువుచునే యున్నాము. ఒక్క ప్రాణము నిలిచినను ఆ బండి ధన్యమే. త్రోవ వచ్చువరకు బండి వలదని నేననను. ఆ మాట అనుటకు నా భుజముపై మంచము లేదు.

నా సంశయము వేరొకటి. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టిరి. బస్సు పోవలెనన్నచో త్రోవ యుండవలెను; కావున బస్సును కోరుట త్రోవను కోరుటయే యయ్యెను. త్రోవ అక్కరలేని బండి వచ్చినచో త్రోవను అడుగువాడెవడు? తండాకు చైనుబండి నిచ్చిన దినమున దండలు వేసి ఫోటో తీసెదరు. మరుసటి యేడు దాని రబ్బరు చైను తెగును, డ్రైవరు జీతము ఆగును. అప్పుడు మీకు బండి యిచ్చితిమి గదా, రోడ్డెందులకని అడుగువారుందురు. క్యూబెక్ పల్లెలవారు బండిని పొంది కూడ త్రోవను విడువక సాధించుకొనిరి. మనకంతటి పట్టుదల యున్నదా? 2000లో ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామీణ రహదారి పథకము మైదానములలో 500 జనము గల యూళ్లకు త్రోవ వేయ సంకల్పించినది. 500 జనము గల తండాలను పంచాయతీలుగా చేయుచు తెలంగాణ ప్రభుత్వము 2018లో శాసనము చేసినది. ఇందువలన మేలు జరిగినది. మా చుట్టుపట్ల త్రోవ పడిన తండాలను నేను కన్నులార చూచితిని, ఆ తండాల పిల్లలు వానకాలములో గూడ బడికి వచ్చుచున్నారు. 500కు తక్కువైన తండాలలోని కడుపునొప్పికి ఆ లెక్క తెలియదు.

మిత్రుడు నా మాటలకు ఒప్పుకొనలేదు. "నువ్వు పంతులువు, కాగితము రాస్తవు, నేను వ్యాపారిని, మిషను తెస్త" అని నవ్వెను. కాగితము వ్రాసినమాట నిజమే. మంచము మోసిన పెద్దమనిషియు, ఆ బాలిక తల్లియు, మరి ముప్పది యిద్దరును వ్రేలిముద్రలును సంతకములును పెట్టగా, త్రోవకును వాగుపై వంతెనకును నేనే అర్జీ వ్రాసి యిచ్చితిని. సంతకముచేసిన ఆడవారిలో ఎక్కువమంది తమ కూతుండ్రచేత ముందుగా అక్షరములు దిద్దించుకొని, అంగుష్ఠముద్ర వలదని పేరు వ్రాసిరి. కొలతలు తీసికొని పోయినారు. మరుసటి యేడు వాగు ఒడ్డున రెండు లారీల కంకర దింపినారు. ఇది గడచి రెండు వానకాలములైనది. కంకర కుప్పలపై తంగేడు మొలిచి ఈ యేడు పూచినది. బతుకమ్మకు తండా పిల్లలును మా యూరి పిల్లలును అక్కడనే పూలు కోసుకొనిరి. ఆ బాలిక ఇప్పుడు పదవ తరగతి. వాగు వచ్చిన దినములను ఆమె తన లెక్కల పుస్తకము వెనుక అట్టపై తేదీలతో వ్రాసికొనుచున్నది. ఈ యేడు 19 దినములు. రెండవ అర్జీతో ఆ పట్టికను జతపరచి పంపితిమి.